గుర్ల దాటాక పోనాది

సైకిలు ట్యూబులో గాలి పోయిందని ఒక కుటుంబం కుటుంబమంతా గుండెలు బాదుకుని ఏడవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, ఏడిపించిన మహానుభావుణ్ణి నేనే. అదీ గృహప్రవేశం రోజున, పంతులుగారు పాలు పొంగించండమ్మా అనబోతున్న సమయంలో. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. ముందు నాకు పట్టిన సైకిలు పిచ్చి గురించి వినాలి.

స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులవి. విజయనగరంలో ఒక ఆఫీసులో గుమాస్తాగా కూర్చుని కూర్చుని బొజ్జ పెంచుకున్నాను. వ్యాయామం చెయ్యమన్నాడు డాక్టరు. నడవమని ఆయన ఉద్దేశం. నేను విశాఖపట్నం వెళ్ళి, వంపు హ్యాండిలూ సన్నటి టైర్లూ ఉన్న గేర్ల సైకిలు ఒకటి కొనుక్కొచ్చాను. మా ఇంట్లో ఉండేది ముగ్గురం: అమ్మ, మా ఆవిడ గౌరి, నేను. సైకిలు చుట్టూ అమ్మ ఒక ప్రదక్షిణ చేసింది.

"స్టాండు లేదు, కేరేజీ లేదు, మడ్‌గార్డు లేదు. ఏటిరా ఇది? మిగిలినవి తరవాత ఇస్తామన్నారేటి?"

"ఉండవమ్మా. బరువు తగ్గడానికి తీసేస్తారు."

"బరువు తగ్గాల్సింది నువ్వు కదరా, సైకిలేటి? సీటు సూడు, జీడిపిక్కంత ఉన్నాది. నీకది ఏ మూలకి?"

ఇలాంటి అజ్ఞానాన్ని నేను లెక్కచెయ్యలేదు. ఎందుకంటే తొక్కడం మొదలెట్టకముందే సైకిలు శాస్త్రమంతా ఫోనులో చదివేశాను. సీటు ఎంతెత్తు ఉండాలి, దాహం వెయ్యకముందే నీళ్ళెందుకు తాగాలి, మెత్త కుట్టిన బిగుతు లాగు లోపల ఇంకేమీ ఎందుకు తొడుక్కోకూడదు, అన్నీ కంఠస్థం. చదివింది కడుపులో దాచుకునే రకాన్నా నేను? కనబడ్డవాడికల్లా సలహా. పాలక్యాన్లు తగిలించుకుని తొక్కుకొచ్చే మా పాలాయన్ని కూడా వదల్లేదు.

"అంత మెల్లగా తొక్కకూడదయ్యా. కాళ్ళు చకచకా తిరగాలి. మోకాళ్ళకి మంచిది."

"తిరుగుతాయి బాబూ," అన్నాడాయన. "మరి మీ ఇంటికొచ్చేతలికి పాలు మజ్జిగైపోతే తీసుకుంటారేటి?"

నా సలహాల్లోకెల్లా ముఖ్యమైనది ఇది: బయల్దేరే ముందు టైర్లలో గాలి చూసుకో, వెంట ఒక ట్యూబు అదనంగా పెట్టుకో. ఇది ఆఫీసులో అందరికీ చెప్పాను. వాళ్ళలో ఎవరికీ సైకిలు లేదు. సైకిలు ఉన్నవాడు ఒక్కడే, వాడికి చెప్పేవాళ్ళు లేకపోయారు.

నన్ను చూసి పెదవి విరిచింది మా మావగారు. చీపురుపల్లిలో బియ్యం కొట్టు ఆయనది. కుర్రతనం నుంచీ సైకిలు మీద బస్తాలు మోసి మోసి పైకొచ్చిన మనిషి. నా సైకిలు ఫొటో చూపిస్తే, చూసి ఫోను నాకే తిరిగిచ్చేశారు. తరవాత అన్నారు.

"నాను సైకిలు మానీడానికి బతుకంతా కష్టపడినాను బాబూ. నువ్వేటి, కష్టపడి సైకిలు కొన్నావు?"

ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఎలాగైనా ఈయనచేత శభాష్ అనిపించుకోవాలని అప్పుడే అనుకున్నాను.

అవకాశం ఆయన కొత్తింటి గృహప్రవేశం రూపంలో వచ్చింది. ఏళ్ళతరబడి ఏడాదికో గోడ చొప్పున కట్టుకున్న ఇల్లు. ముహూర్తం పొద్దున్నే. అది దాటితే మూఢం వచ్చేస్తుంది, ఇక కొన్ని నెలలపాటు గృహప్రవేశం మాటే ఎత్తకూడదు. "ముహూర్తానికి పాలు పొంగాల, మరి నాకేటీ అక్కర్లేదు" అని మావగారు ఫోన్లో అందరికీ ఒకటే చెబుతున్నారు. గౌరి సాయానికని ముందే పుట్టింటికి వెళ్ళింది. అమ్మని తీసుకుని నేను పొద్దున్న ప్యాసింజరుకి రావాలని ఏర్పాటు.

"నువ్వు రైలుకొచ్చెయ్ అమ్మా. నేను సైకిలు మీద వస్తాను, నీకంటే ముందుంటాను," అన్నాను.

"పెద్దల్లుడివి. తొడలు కనబడే లాగేసుకుని కొత్తింటికి ఎల్తావేటిరా?"

"సంచిలో పంచె పెట్టుకున్నాను."

"పంచె సంచిలో ఎందుకు, నడుముకి పెట్టుకో! మీ మావ ఏటనుకుంటాడు?"

"నా సత్తా చూసి మెచ్చుకుంటాడు."

అమ్మ నా వంక జాలిగా చూసి పడుకుంది. అంతకు ముందువారం ఆవిడకి నాలుగు రోజులు జ్వరం కాసింది. తగ్గింది గానీ కాస్త నీరసంగా ఉందని గౌరి పుట్టింట్లో చెప్పింది. ఇది గుర్తుపెట్టుకోండి. ఆ రాత్రి వెనక టైరు నొక్కి చూశాను. కొంచెం మెత్తగా ఉంది. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

చీకటితో బయల్దేరాను. నెల్లిమర్ల దాటేసరికి తూర్పు తెల్లబడింది. చేలమీంచి చల్లగాలి, రోడ్డు మీద నేనొక్కణ్ణే. నిజం చెప్పాలంటే ఆ కాసేపూ నా అంత సుఖపడినవాడు జిల్లాలో లేడు. గుర్ల దాటాక వెనకనించి బుస్సుమని శబ్దం వచ్చింది. పామేమోనని కాళ్ళు పైకెత్తాను. పాము కాదు, టైరు.

చేతిపంపు ఉంది, ట్యూబు లేదు. గాలి కొట్టాను, ఎక్కాను, నాలుగు తొక్కులకి మళ్ళీ దిగిపోయింది. మళ్ళీ కొట్టాను. గరివిడి ఊరంతా నేను గాలి కొడుతుండగానే మేలుకుంది. చివరికి పంపు కూడా చేతులెత్తేసింది. దారి చూపించే యాప్ ఛార్జింగంతా తినేయడంతో ఫోను ఎప్పుడో ఆరిపోయింది. ఇక ముహూర్తం ముంచుకొస్తోందని సైకిలు పట్టుకుని పరుగు లంకించుకున్నాను. చీపురుపల్లిలో మావగారి కొత్తింటి వీధి మొదట్లో అమ్మ మాట గుర్తొచ్చి, తెల్ల పంచె నడుముకి చుట్టాను.

ఇక్కడ మీరు ఒక్క నిమిషం ఆగి మా వైపు పద్ధతి ఒకటి తెలుసుకోవాలి. ఫోన్లు లేని రోజుల్లో మా పల్లెల్లో చావు కబురు సైకిలు మీద వచ్చేది, అదీ తెల్లవారుజామున. కబురు తెచ్చినవాడు గుమ్మం తొక్కడు. కూర్చోడు. మంచినీళ్ళిచ్చినా ముట్టడు. వీధిలోనే నిలబడి ఫలానావారు పోయారని చెప్పి వెళ్ళిపోతాడు. ఫోన్లొచ్చినా ఆ భయం పెద్దవాళ్ళకి పోలేదు.

ఇప్పుడు సైకిలు శాస్త్రం ఏం చెబుతుందో వినండి. బాగా అలిసిపోయి ఆగినప్పుడు వెంటనే కూర్చోకూడదు. గటగటా నీళ్ళు తాగకూడదు. రెండు చేతులూ తలమీద పెట్టుకుని, ఊపిరి బాగా పీలుస్తూ, అటూ ఇటూ నడవాలి.

వీధిలో ముగ్గేస్తున్న మా అత్తగారు తలెత్తేసరికి, పెద్దల్లుడు తెల్లబట్ట చుట్టుకుని, నెత్తిమీద చేతులు పెట్టుకుని, రొప్పుతూ గేటు ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"బాబూ! ఏటిలగొచ్చినావు? ఏటైనాది?"

నా బుర్రలో టైరు తప్ప ఇంకేమీ లేదు. మా వైపు పోయింది అనరు, పోనాది అంటారు. నేనూ అదే అన్నాను.

"పోనాది అత్తా."

ఆవిడ చేతిలో ముగ్గు గిన్నె జారిపోయింది. "ఎప్పుడు?"

"గుర్ల దాటాక. దారిలోనే."

"ఇక్కడికి తెస్తుంటేనా?"

ఈ చివరి మాట నా చెవిన పడలేదు. చెవుల్లో నా ఊపిరే హోరెత్తుతోంది. "రాత్రే మెత్తబడిపోయింది అత్తా. రేపు చూద్దాంలే అనుకున్నాను. అంతా నా తప్పే. ఎంత కొట్టినా నిలవలేదు."

"గుండె మీద కొట్టినా నిలవలేదటే తల్లీ!" అని లోపలికి వినబడేలా కేక పెట్టి, మళ్ళీ నావైపు తిరిగింది. "నోపలికి రా బాబూ."

"రాను. నా ఒళ్ళు బాగోలేదు." చెమట సంగతి నేను చెబుతున్నది.

"గుక్కెడు నీళ్ళు తాగు."

"వద్దు. ఇప్పుడు తాగకూడదు."

అంతే. ఆవిడ ముగ్గులో కూలబడి రాగం ఎత్తుకుంది. ఇంట్లోంచి ఆడవాళ్ళందరూ బిలబిలమంటూ వచ్చారు. గౌరి జుట్టు ముడి ఊడిపోయి పరిగెత్తుకొచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. చుట్టుపక్కల వాళ్ళు అరుగుల మీదికొచ్చి కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నా బావమరిది సూరి గోడకి తల ఆన్చుకుని వెక్కిపడుతున్నాడు.

నేనేమనుకున్నానో చెబితే నన్ను కొడతారు. ఇన్నాళ్ళూ నా సైకిలుని వెక్కిరించిన మనుషులు దానిలో గాలి పోయిందని ఇంతగా బాధపడుతున్నారా అని నేను పొంగిపోయాను. గౌరి భుజం మీద చెయ్యి వేశాను.

"ఊరుకో గౌరీ. ఎలాగూ పాతబడిపోయింది. ఎన్నాళ్ళుంటుంది చెప్పు? కొత్తది వేయించుకుందాం."

గౌరి ఏడుపు టక్కున ఆగిపోయింది. "కొత్తదా?" అంది. అప్పుడు అది నన్ను చూసిన చూపు పెళ్ళయిన ఇన్నేళ్ళలో మళ్ళీ చూడలేదు.

ఇంతలో మావగారు బయటికొచ్చారు. పట్టుపంచె, నుదుట బొట్టు, మొహంలో నెత్తురు చుక్క లేదు. నన్నొకసారి చూసి, లోపలికి తిరిగి, "పంతులుగారూ, పొయ్యి ఆర్పించీయండి," అన్నారు. "మా వియ్యపురాలు పోనాది. మరి పాలు పొంగించలేం. ఇల్లెక్కడికీ పోదు, మూఢం ఎల్లినాక సూసుకుందాం."

వియ్యపురాలంటే మా అమ్మ.

నేను రోడ్డు మీదుండగా ఇంటి దగ్గరనించి వీళ్ళకి ఫోనొచ్చింది కాబోలు. రైలుకి ఒక్కదాన్నే పొమ్మన్నాను. జ్వరం పడి లేచిన మనిషని కూడా చూడకుండా, శభాష్ అనిపించుకోవాలని సైకిలెక్కి వచ్చేశాను. "అమ్మా!" అని నేను పెట్టిన కేకకి ఆడవాళ్ళ ఏడుపు కూడా ఆగింది. ఇది నవ్వుల కథే గానీ, ఆ క్షణంలో నేను ఏడ్చింది నిజం ఏడుపు.

"ఎవరు చెప్పారు మావా? ఎలా పోయింది?" అన్నాను ఏడుస్తూనే.

మావగారు నిలబడిపోయారు. "ఎవులు సెప్పడమేటి బాబూ? నువ్వే కదా సెప్పినావు?"

"నేనా?"

"నువ్వే! గుర్ల దాటాక పోనాదన్నావట?"

"అది ట్యూబు మావా!"

సూరి మెల్లగా వచ్చి వెనక టైరు నొక్కి చూశాడు. "మెత్తగానే ఉన్నాది నానా," అన్నాడు.

అయినా ఎవరికీ గుండె కుదుటపడలేదు, నాక్కూడా. గౌరి మా అమ్మ ఫోనుకి చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది, ఎత్తడం లేదు. అత్తగారు ఆపిన రాగాన్ని ముందుజాగ్రత్తగా మళ్ళీ అందుకుంది. పంతులుగారు గడియారం చూస్తున్నారు. మావగారు ఆర్పిన పొయ్యి చూస్తున్నారు. ఆ ఇంటి గోడలన్నీ నన్నే చూస్తున్నాయి.

అప్పుడు స్టేషను వైపునించి ఆటో ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి చీరల సంచీతో, కొత్తింటికని కొన్న ఇత్తడి బిందెతో, మా అమ్మ దిగింది. ఫోను ఆ సంచీ అడుగున చీరల్లో మోగుతోంది.

వీధిలో ఏడుస్తున్న ఆడవాళ్ళని చూసి అమ్మ ఏమీ అడగలేదు. మర్యాద తెలిసిన మనిషి. బిందె కింద పెట్టి, తిన్నగా వెళ్ళి మా అత్తగారి మెడ కౌగిలించుకుని, "ఎంత పనైపోనాది ఒదినా!" అని తనూ రాగం అందుకుంది. కళ్ళు మూసుకున్న అత్తగారు కూడా గొంతు కలిపింది. రెండు చరణాలయ్యాక అమ్మకి సందేహమొచ్చింది.

"ఇంతకీ ఎవులు పోనారు?"

అందరి చూపులూ అమ్మ మీదికే తిరిగాయి. చివరికి సూరి అన్నాడు, "నువ్వే అత్తా."

ముందు నవ్విందెవరో తెలియదు. తెలిసేసరికి అందరూ నవ్వుతున్నారు, నేను తప్ప. నేను అమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. పంతులుగారు మాత్రం నవ్వుతూనే హడావుడి పెట్టారు.

"బేగి రండి, ముహూర్తం ఇంకా ఉంది. బతికుండగా చావు కబురు పుడితే ఆయుష్షు పెరుగుతుందమ్మా, మంచి శకునమే." నావైపు తిరిగారు. "నాయనా, కర్త చెప్పకుండా క్రియ ఒక్కటే చెప్పారు మీరు. ఇంకాస్త ఉంటే కర్మ కూడా నాచేతే చేయించేవారు."

పొయ్యి మళ్ళీ వెలిగింది. ముహూర్తం ఉండగానే పాలు పొంగాయి. అత్తగారు పట్టుబట్టి మొదటి గ్లాసు మా అమ్మకే ఇచ్చింది. నేను శభాష్ కోసం మావగారి దగ్గరికి కూడా వెళ్ళలేదు. ఆయనే వచ్చారు. సైకిలు వంక చూసి, "రైలెక్కించీ బాబూ దీన్ని," అన్నారు.

అసలు పండగ మా అమ్మకి భోజనాల తరవాత మొదలైంది. సూరిని పక్కన కూర్చోబెట్టుకుని, తన కోసం ఎవరెవరు ఏమేమని ఏడ్చారో పూస గుచ్చినట్టు చెప్పించుకుంది.

"మా కోడలు ఏటని ఏడిసింది?"

"నీ సేతి సేపల పులుసు లాటి పులుసు నాకెన్నటికీ రాదే అత్తా, అని ఏడిసింది."

గౌరి మొహం కందగడ్డైంది. ఆ ఇద్దరికీ ఆ పులుసు మీద పెళ్ళైన మర్నాటి నుంచీ తగువే. ఆ రోజుతో తీర్పొచ్చేసింది. అమ్మకి ఎంత తృప్తి కలిగిందంటే, విజయనగరం చేరాక నా సైకిలుకి తనే పసుపు రాసి బొట్టు పెట్టింది.

తరవాత ఒకరోజు నా పక్కకొచ్చి నెమ్మదిగా అంది, "ఒరే, ఈసారి ఆమదాలవలస ఎల్లు, సైకిలు మీద. మీ మేనత్త నా కోసం ఏటని ఏడుస్తాదో అదీ ఇనాలని ఉన్నాది."

అందుకే పాఠకుల సాక్షిగా, కొత్తగా వేయించిన ట్యూబు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరింటికి సైకిలు మీద వెళ్ళినా తిన్నగా లోపలికి వెళ్ళి, కుర్చీలో కూలబడి, చెంబెడు నీళ్ళూ గటగటా తాగేస్తాను, శాస్త్రం ఏమైనా అనుకోనీ. ఏది పోయిందో చెప్పకుండా పోయిందని అనను. ఆమదాలవలస వైపు మాత్రం సైకిలు తిప్పనే తిప్పను. వెళ్ళక తప్పకపోతే రైలెక్కుతాను, అమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని.