రేకుల టాకీసులో కాలేజీ

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో కాలేజీకీ సినిమాకూ ఒకటే తలుపు ఉండేది. పొద్దున ఆ తలుపులోంచి పుస్తకాలు పట్టుకున్నవాళ్లు లోపలికి పోయేవారు, మధ్యాహ్నం టికెట్లు పట్టుకున్నవాళ్లు. ఇప్పుడు ఊరి బయట పెద్ద పెద్ద మేడలతో, సొంత బస్సులతో కనిపించే ప్రైవేటు విశ్వవిద్యాలయం అలా ఒక రేకుల టాకీసులో మొదలైందని చెబితే నా మనవరాలు నవ్వుతుంది. తను అక్కడే చదువుతోంది. లిఫ్టులో నాలుగో అంతస్తుకు వెళ్లి పాఠం వినేవాళ్లకు ఇది కట్టుకథలాగే ఉంటుంది మరి.

డెబ్బైల మొదట్లోని మాట ఇది. అప్పుడు మా చుట్టూ కొత్త బొగ్గు బావులు తెరుస్తున్నారు. కమాన్‌పూర్ దిక్కు పల్లె నుంచి మా బాపు వచ్చి బొగ్గుబావిలో చేరాడు. మేమున్న కార్మికుల క్వార్టర్ల లైనంతా మాలాంటి కుటుంబాలే. ఊళ్లో దవాఖాన ఉంది, బడి ఉంది, అంగడి ఉంది. డిగ్రీ చదువు మాత్రం లేదు. అది కావాలంటే కరీంనగరో వరంగల్లో పోయి హాస్టల్లో ఉండాలి. మగపిల్లలు కొందరు పోయేవారు. ఆడపిల్లల చదువూ, డ్యూటీలో చేరిపోయిన కుర్రవాళ్ల చదువూ ఇంటర్‌తో ఆగిపోయేది. దాని గురించి ఎవరూ పెద్దగా బాధపడేవారు కూడా కాదు. మా ఊళ్లో సముద్రం లేదని ఎవరైనా బాధపడతారా, అలాగే.

బాధపడిన మనిషి ఒక్కడున్నాడు. ఆయన్ను ఊరంతా పెద్దసారు అనేది. మిషన్ బడిలో చాలా ఏళ్లు పంతులుగా చేసి రిటైరయ్యాడు. తన దగ్గర చదువుకున్న పిల్లలు షిఫ్టు దిగి నల్లటి ముఖాలతో ఎదురుపడి దండం పెడుతుంటే, వాళ్లను ఆపి "ఇంకా చదువుతవా?" అని అడిగేవాడు. చదువుతాం సార్, ఎక్కడ చదవాలె, అనేవారు వాళ్లు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఆయన సైకిలు మీద ఊరంతా తిరిగాడు. గదులు అడిగితే ఎవరూ ఇవ్వలేదు. చివరికి టాకీసు సేటు ఒప్పుకున్నాడు. ఆయన కూడా పెద్దసారు దగ్గర చదివినవాడే. "పొద్దుగాల నా హాలు ఖాళీగనే ఉంటది సార్, ఈగలు తోలుకుంట. వాడుకోండ్రి. మ్యాట్నీ టైముకు మాత్రం నాకియ్యాలె" అన్నాడు.

అలా కాలేజీ మొదలైంది. తెర ముందర నల్లరంగు పూసిన చెక్క బల్ల ఒకటి నిలబెట్టారు. సుద్దపొడి తెర మీద పడుతుందేమోనని సేటు రోజూ వచ్చి తడిమి చూసుకునేవాడు. పిల్లలు ముందుగా వచ్చి, రాత్రి ఆటకు వచ్చినవాళ్లు పడేసిన పల్లికాయ పొట్టూ బీడీ ముక్కలూ ఊడ్చి, అప్పుడు పుస్తకాలు తెరిచేవారు. మధ్యాహ్నం షిఫ్టుకు పోవాల్సినవాళ్లు పాఠం విని అటు నుంచి అటే డ్యూటీకి పోయేవారు. చెప్పేవాళ్లలో కొందరు బడి పంతుళ్లు, ఒకాయన కరీంనగర్ నుంచి బస్సులో వచ్చేవాడు.

మా పక్కింటి అక్క ఆ మొదటి జట్టులో చదివింది. నన్ను చంకనెత్తుకుని పెంచిన అక్క. వాళ్ల నాన్నను నేను కాకా అనేదాన్ని. ఆయన బావిలో బొగ్గు నింపే పని చేసేవాడు, ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఊరు దాటి పంపనన్నాడు, ఊళ్లోనే అయితే సరేనన్నాడు. అక్కకు అది చాలు. సాయంత్రాలు వాకిట్లో కూర్చుని ఆమె పైకి చదువుతుంటే మా నాయనమ్మ వత్తులు చేసుకుంటూ వినేది.

అయితే కాలేజీ అని మనం పిలుచుకుంటే సరిపోదు కదా. హైదరాబాదులోని విశ్వవిద్యాలయం గుర్తింపు ఇవ్వాలి. ఇస్తేనే ఆ పిల్లలు పరీక్ష రాయగలరు. లేకపోతే ఆ ఏడాది చదివినదంతా వృథా. పెద్దసారు పట్నం తిరగ్గా తిరగ్గా, ఎండలు ముదురుతున్న రోజుల్లో, కమిటీ వాళ్లు వచ్చి చూస్తామన్నారు. ముందురోజు కాకా మా ఇంటికి వచ్చి మా బాపుతో అన్నాడు: "రేపు ఔనంటె బిడ్డ సదువుతది. కాదంటె ఇగ ఇంట్లనే. నేనేం జేత్త చెప్పు." ఆ మాట వినపడే దూరంలోనే అక్క నీళ్లు పడుతోంది. బిందె నిండి పొర్లుతున్నా ఆమె చూడలేదు.

కమిటీ పొద్దున్నే రావాలి. పిల్లలంతా ఉతికిన బట్టలు కట్టుకుని, హాలు రెండుసార్లు ఊడ్చి కూర్చున్నారు. రైలు రాలేదు. బొగ్గు బండ్లను ముందు వదలడానికి ప్యాసింజరును ఎక్కడో ఆపేశారని కబురు వచ్చింది. పొద్దెక్కింది. మ్యాట్నీ వేళ దగ్గరపడింది. సేటు చేతులు నలుపుకుంటూ వచ్చి, "జనం నిలబడ్డరు సార్" అన్నాడు. ఇచ్చిన మాట ప్రకారం పెద్దసారు నల్లబల్ల పక్కకు జరిపించి, పిల్లలను బయట రేకుల నీడలోకి తీసుకుపోయాడు.

ఆ జనంలో నేనూ మా నాయనమ్మా ఉన్నాం. అది దేవుడి సినిమా. దాన్ని చూడాలని నాయనమ్మ ఎన్నాళ్లుగానో చెప్పులు అరిగేలా మా బాపు వెంట పడింది. మేం ఆడవాళ్ల వైపు బెంచీ మీద కూర్చున్నాం. సినిమా మొదలైంది. దేవుడు ఇంకా భూమి మీదకు దిగనేలేదు, టప్పున బొమ్మ ఆగిపోయి లైట్లు వెలిగాయి.

ఈలలు, కేకలు. కరెంటు పోయిందంటే లైట్లు వెలుగుతున్నాయి. రీలు తెగిందా అని ఒకరు, పైసలు వాపసియ్యి అని ఇంకొకరు అరుస్తున్నారు. అప్పుడు తెర ముందుకు పెద్దసారు వచ్చి నిలబడ్డాడు. ఖద్దరు చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది. రెండు చేతులూ జోడించాడు. ఆయన చేతులు జోడించడం నేనెప్పుడూ చూడలేదు. ఆయనకే అందరూ దండం పెట్టేవారు.

"పట్నం కెల్లి పెద్దలు ఇప్పుడే దిగిన్రు. మల్ల సాయంత్రం బండికి పోతరట. నాకు చూపెట్టనీకి ఈ హాలు తప్ప ఇంకో జాగ లేదు. మీరు టికెట్లు కొన్నరు, ఈ గంట మీది. ఇస్తమంటె తీసుకుంట. వద్దంటె చెట్టు కింద చూపెట్టుకుంట, మీ మీద కోపం లేదు."

హాల్లో గోల కొంచెం తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు. వెనకనుంచి ఎవడో మళ్లీ ఈల వేశాడు. మా నాయనమ్మ లేచి నిలబడింది. ఆమె గొంతు లైనంతా తెలిసిన గొంతు.

"ఎవడ్రా ఆ ఈల? నీ చెల్లె సదువుకోవద్దా? నేనీ సినిమా కోసం ఎన్ని దినాల సంది సూత్తున్ననో నా కొడుకునడుగు. నేను ఆగుత. దేవుడు సుత ఆగుతడు. కూసో!"

హాలంతా నవ్వింది. ఆ నవ్వుతో పని అయిపోయింది. అయితే ఎవరూ బయటికి మాత్రం పోలేదు. బయట ఎండ మాడ్చేస్తోంది, పైగా లేస్తే సీటు పోతుందని భయం. ఎక్కడివాళ్లు అక్కడే కూర్చున్నారు. పిల్లలు లోపలికి వచ్చి తెరకు దగ్గరగా నేల మీద కూర్చున్నారు. నల్లబల్ల మళ్లీ ముందుకు వచ్చింది. కమిటీ వాళ్లు ముగ్గురూ తలుపులో కనిపించారు.

వాళ్లలో పెద్దాయన తెల్లజుట్టు మనిషి, ప్రయాణంతో అలిసి చిరాగ్గా ఉన్నాడు. లోపలికి అడుగుపెట్టి అలాగే ఆగిపోయాడు. నేల నుంచి కుర్చీల దాకా నిండిన హాలు ఆయన్నే చూస్తోంది. "ఇంతమందా!" అన్నాడు. సేటు సంబరంగా ముందుకు దూకి, "ఔ సార్, అందరు మన స్టూడెంట్లే" అనేశాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంకేముంది, గెలిచాం అనుకున్నాను. ముందు వరుసలో అక్క కళ్లు కూడా మెరిశాయి.

పెద్దసారు సేటు భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు. "కాదు సార్. మా పిల్లలు ఇగో, ఈ కింద కూసున్నోళ్లు. అంతే. మిగిలినోళ్లు సినిమాకొచ్చిన్రు. మాకు మధ్యాహ్నం హాలు ఉండదు. గదులు లేవు. లైబ్రరీ అంటె నా ఇంట్ల ఒక బీరువ."

హాలు నీరుగారిపోయింది. అక్క తల దించుకుంది. మా నాయనమ్మ గొణిగింది, "ఈయనకేమైంది, చేతికొచ్చినదాన్ని ఇడిసిపెడ్తడు" అని. నాకైతే ఏడుపు వచ్చింది. తెల్లజుట్టు ఆయన నేల మీది పిల్లలను ఒకసారి చూశాడు. తర్వాత బెంచీల వైపు తిరిగి, చివర కూర్చున్న ఒక పెద్దమనిషిని అడిగాడు, "సినిమాకు వచ్చినవాళ్లు మరి ఇలా ఎందుకు కూర్చున్నారు?"

ఆ మనిషి మా కాకానే. ఎప్పుడొచ్చాడో, షిఫ్టు దిగి ఆ బట్టలతోనే వచ్చి కూర్చున్నట్టున్నాడు. లేచి, తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సినిమా రేపు సుత ఉంటది సార్. మీరు రేపుండరు. అందుకే కూసున్నం."

కాకా నలుగురిలో అంతకంటే ఎక్కువ మాట్లాడగా నేను వినలేదు, అంతకు ముందూ ఆ తర్వాతా. తెల్లజుట్టు ఆయన ఒక కుర్చీ తెప్పించుకుని కూర్చుని, "సరే, పాఠం జరగనివ్వండి" అన్నాడు.

అర్థశాస్త్రం పాఠం. అక్కను బల్ల దగ్గరికి పిలిచారు. ధరలు ఎందుకు పెరుగుతాయో, ఎందుకు తగ్గుతాయో చెప్పాలి. రెండు గీతలు గీసింది. పుస్తకంలోని మాటలు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. కమిటీలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి, కూరగాయల గంప ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒక అత్త ఉండబట్టలేక అడిగేసింది.

"గదంత కాదు బిడ్డా, జీతాలొచ్చిన నాడే కూరగాయలు ఎందుకు పిరమైతయో చెప్పు."

అక్క ఆమె వైపు తిరిగింది. తిరగడంతోనే మా వాకిట్లో మాట్లాడే అక్క అయిపోయింది. "కూరగాయలు ఎప్పటంతనే ఉంటయి అత్తా. కని ఆ దినం అందరి చేతుల పైసలుంటయి. అందరు ఒక్కపారే అంగడికొస్తరు. నువ్వు కొనకుంటె వెనకామె కొంటదని అమ్మెటోనికి తెలుసు. ఇగ ఎందుకు తగ్గిస్తడు?" అని, అప్పుడు బల్ల దగ్గరికి పోయి, "ఈ గీత మనం. ఈ గీత గంపలు. ఇవి రెండు కలిసిన కాడ ధర" అని చూపించింది.

"మరి మనం రెండు దినాలాగి పోతె?"

"అందరు ఆగితె తగ్గుతది."

"అందరు యాడ ఆగుతరు, ఆగితె పొయ్యిల పిల్లి లేస్తదా!" అన్నారెవరో. హాలంతా మళ్లీ నవ్వింది. ఈసారి తెల్లజుట్టు ఆయన కూడా నవ్వాడు. నవ్వి, అక్కను ఇంకో రెండు ప్రశ్నలు అడిగాడు. అక్క తడబడకుండా చెప్పింది. తర్వాత మిగతా పిల్లలను అడిగాడు. కొందరు చెప్పారు, కొందరు తెలియదన్నారు. సమయం ఎంత గడిచిందో మాలో ఎవరూ పట్టించుకోలేదు.

వెళ్తూ వెళ్తూ ఆయన తలుపు దగ్గర ఆగాడు. మా బెంచీ అక్కడికి దగ్గరే కాబట్టి ఆ మాటలు నాకు వినిపించాయి. "మాస్టారూ, ఇలాంటి తనిఖీలకు నేను చాలా చోట్లకు వెళ్లాను. అద్దెకు తెచ్చిన బీరువాలు చూశాను, అరువు తెచ్చిన పిల్లలను చూశాను. లేదని మొదటి మాటలోనే చెప్పిన చోటు ఇదే. మీరు ఉన్నాయన్నవి ఇక నేను మళ్లీ లెక్కపెట్టక్కర్లేదు. ఔనని రాస్తాను. గదులు మాత్రం కట్టాలి."

వాళ్లను స్టేషనుకు తీసుకుపోయే జీపు కదిలి పోయేదాకా పెద్దసారు అలాగే నిలబడ్డాడు. తర్వాత మెట్టు మీద కూలబడి, కళ్లద్దాలు తీసి, ముఖం రెండు చేతుల్తో రుద్దుకుని, గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి ఎంత పొడుగ్గా వచ్చిందంటే, ఆయన పొద్దున్నుంచీ దాన్ని లోపలే బిగబట్టి ఉంచాడేమో అనిపించింది. మా నాయనమ్మ ఆయన పక్కకు పోయి మొహం మీదే అడిగింది, "అందరు మావోళ్లే అంటె ఏం పోయె సార్? మా పానాలు పోయినంత పనాయె."

ఆయన నవ్వాడు. "అవ్వా, లేనోళ్లను చూపిస్తె, రేపు కమిటీ మల్లొచ్చిన నాడు నేను యాడికెల్లి తేవాలె? ఏడాదికోపారి గిదే భయం. నాకు అంత ఓపిక లేదు" అన్నాడు.

లోపల అక్క ఏడుస్తూ నవ్వుతోంది. కాకా దూరంగా నిలబడి చూస్తున్నాడు, దగ్గరికి రాలేదు. తువ్వాలతో ముఖం తుడుచుకుంటే బొగ్గు మరకలు ఇంకా పాకాయి. సేటు ఆనందం పట్టలేక సినిమాను మొదటి నుంచి వేయించాడు. దేవుడు ఈసారి ఏ అడ్డూ లేకుండా భూమి మీదకు దిగాడు.

అనుమతి కాగితం వచ్చిన రోజు సేటు గాజు పలక మీద తనే సిరాతో రాసి, విశ్రాంతి వేళ తెర మీద వేశాడు: మన కాలేజీకి పర్మిషన్ వచ్చింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఈలలు వేసినవాళ్లను ఆ రోజు ఎవరూ తిట్టలేదు. తర్వాత గోదావరి దారిలో జాగా దొరికింది. సెలవు రోజుల్లో మా బాపూ, కాకా, ఇంకా ఎంతోమంది పునాదులు తవ్వారు. భూమి లోపల తవ్వేవాళ్లకు పైన తవ్వడం ఆట అనేవారు. ముందు రేకుల గదులు, తర్వాత స్లాబు, తర్వాత ఆడపిల్లల హాస్టలు. పెద్దసారు పోయాక కూడా అది పెరుగుతూనే పోయి, ఎన్నో ఏళ్లకు విశ్వవిద్యాలయం అయింది. అక్క డిగ్రీ అయ్యాక బడిలో టీచరుగా చేరి, కాసిపేటలో స్థిరపడింది. నేనూ ఆ కాలేజీలోనే చదివి, అక్కడే పాఠాలు చెప్పి రిటైరయ్యాను.

తనిఖీలు నేను డిపార్టుమెంటు పెద్దగా ఉన్న కాలంలోనూ వచ్చాయి. పక్క కాలేజీ నుంచి సామాను తెచ్చి పెడదామా, బడి పిల్లలను తెచ్చి కుర్చీలు నింపుదామా అని ఎవరో ఒకరు నా బల్ల ముందుకు వచ్చి నిలబడేవారు. వాళ్లంతా చెడ్డవాళ్లేం కాదు, భయపడ్డవాళ్లు. నాకూ భయమే. అయినా వచ్చినవాళ్లను ముందు మా దగ్గర ఏది లేదో ఆ గదికే తీసుకుపోయేదాన్ని. కొన్నిసార్లు దెబ్బ తగిలింది, ఒక కోర్సు ఒక ఏడాది ఆగిపోయింది కూడా. కానీ ఆ సాయంత్రాలు ఇంటికి వచ్చి చల్లగా నిద్రపోయాను. దవాఖానలో మందులు మానకుండా వేసుకుంటున్నారా అని డాక్టరు అడిగినా, ఇంట్లో చేతిలో పైసలున్నాయా అని కోడలు అడిగినా, ఇప్పటికీ లేనిది లేదనే ముందు చెబుతాను. చెప్పేముందు భయమేస్తుంది. చెప్పాక లోపలినుంచి ఒక పొడుగాటి ఊపిరి దానంతటదే బయటికి వస్తుంది. ఆ తేలికదనానికి అలవాటుపడ్డ మనిషిని, ఇంకో దారి నాకు చేతకాదు.