చంకలో బంతి

మా ఇళ్ళల్లో గుమ్మంలోకి మనిషి వస్తే ముందు చేతిలోది అందుకుంటాం. సంచీ కానీ, గొడుగు కానీ, చంటిపిల్ల కానీ. తర్వాత మంచినీళ్ళు. ఆ తర్వాతే పలకరింపు. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఈ మర్యాద మాత్రం బడికి పోకముందే వచ్చింది, అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంటికి వచ్చాక కూడా పోలేదు. ఆ మర్యాదతోనే ఒక ఫుట్‌బాల్ ఆటగాడి నోటి దగ్గర కూడు లాగేశాను.

మా తెలుగు ఆరాధన ఒక అమెరికన్ చర్చి హాల్లో, వాళ్ళది ముగిశాక జరుగుతుంది. వంటగది తాళాలు వాళ్ళ పెద్దావిడ ఒకామె దగ్గర ఉంటాయి. ఆమెది నా వయసే. పారేసే అల్యూమినియం ట్రేలు కడిగి దాచడంలో నాకంటే ఒక ఆకు ఎక్కువే చదివింది. అందుకే భాష లేకపోయినా మా ఇద్దరికీ కుదిరింది. ఆమె మనవడు దగ్గర్లోని కాలేజీ జట్టులో ఫుట్‌బాల్ ఆడేవాడు. పేరుకే ఫుట్‌బాల్, ఇక్కడివాళ్ళు బంతిని చేత్తో పట్టుకునే ఆడతారు. బంతిని పొట్టకు కరుచుకుని, ఎదురుగా గోడలా నిలబడ్డ మనుషుల మధ్యనుంచి దూరి ముందుకు ఉరకడం అతని పని. రన్నింగ్ బ్యాక్ అంటారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఆ ఆదివారం అతను నాయనమ్మను తీసుకెళ్ళడానికి వంటగదిలోకి వచ్చాడు. గుమ్మం నిండా ఉన్నాడు. చంకలో బంతి. నేను నవ్వుతూ ఎదురెళ్ళి, బంతి అందుకుని బల్ల మీద పెట్టి, గ్లాసుతో నీళ్ళిచ్చాను.

వాళ్ళ నాయనమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. మా మనవరాలు పరుగున వచ్చింది.

“అమ్మమ్మా! అది తీసుకోకూడదు!”

“బంతి చంకలో పెట్టుకుని నీళ్ళు తాగుతారా ఎవరైనా?”

“తాగాలి! తినాలి, పడుకోవాలి కూడా. లాస్ట్ గేమ్‌లో డ్రాప్ చేశాడు కదా, కోచ్ పనిష్మెంట్ ఇచ్చాడు. వీక్ అంతా బాల్ వదలకూడదు. ఎవరు తీసుకున్నా సరే, సాటర్డే ఆడనివ్వరు.”

“నేను ముసలిదాన్ని. నాది లెక్కలోకి రాదని చెప్పు. ఇదిగో, పట్టుకోమను.”

పట్టుకున్నాడు. నీళ్ళు చివరిదాకా తాగి గ్లాసు కడిగి బోర్లించాడు. ఫోన్ తీసి, అక్కడే నిలబడి కోచ్‌కి చెప్పేశాడు. అతని చోటు కోసం ఇంకొకడు కాచుకుని ఉన్నాడట. బంతి మళ్ళీ మళ్ళీ జారితే ఆ చోటు పూర్తిగా జారిపోతుందట.

“ఎందుకు చెప్పాడే? ఇక్కడ మనం ఎవరమూ చెప్పం కదా!”

మనవరాలు అడిగి నవ్వింది. “‘మీ గ్రాండ్‌మా చాలా నీట్‌గా తీసుకుంది, లెక్కలోకి వస్తుంది’ అంటున్నాడు, అమ్మమ్మా.”

శనివారం జీవితంలో మొదటిసారి ఆ ఆట చూశాను. అతను బెంచీ మీద ఉన్నాడు, ఒళ్ళో బంతి. “మీరు కూర్చోబెట్టారు, కూర్చున్నాడండీ అత్తయ్యగారూ” అని మా అల్లుడు ఆట పట్టించాడు. నాకు నవ్వు రాలేదు. ఇక ఆ బంతి లోకంలో ఎవరి చేతికీ రాకూడదు, చూసే బాధ్యత నాది అనుకున్నాను.

మరుసటి ఆదివారం, బంతి వదులుతాడేమో చూద్దామని, వేడి గారెల పళ్ళెం ఒక చేతికిచ్చి, చట్నీ గిన్నె రెండో చేతికి చాచాను. మోకాళ్ళు వంచి పళ్ళెం కిందికి దించాడు, గిన్నె అందులోనే పెట్టమని. బియ్యం మూట ఎత్తమన్నాను. ఒంటి చేత్తో ఖాళీ భుజాన వేసుకున్నాడు. వెనకనుంచి వచ్చి లాగితే బంతితో పాటు నేనూ నాలుగడుగులు పోయాను. వాళ్ళ నాయనమ్మ బల్ల పట్టుకుని నవ్వింది. అతను మాత్రం అందరూ నన్ను పిలిచేటట్టే పిలిచి, “నో, అమ్మమ్మా” అన్నాడు. శిక్ష ముగిశాక కూడా ఆదివారాలు బంతితోనే వచ్చేవాడు. నేనూ జాలిపడలేదు. అతనూ ఒక్కసారి కూడా బంతి ఇవ్వలేదు.

పొగడటం నాకు చేతకాదు. అయినా అతని ఆట చెప్పాలి. ఆ ఆటలో నేలను గజాల్లో కొలుస్తారు. గజంబద్దతో బట్ట కొలిచిన ఇంట్లో పెరిగినదాన్ని, గజం విలువ నాకొకరు చెప్పక్కర్లేదు. బంతిని దూరంగా విసిరేవాడికి చప్పట్లెక్కువ.

“పాస్‌లు వేస్తేనే గేమ్ గెలుస్తారండీ” అనేవాడు అల్లుడు.

“విసిరాక అది ఎవడి చేతిలో పడుతుందో విసిరినవాడికి తెలుసా అబ్బాయ్?”

ఇతను రెండు గజాలో మూడు గజాలో తెస్తాడు. అయిదుగురు మీద పడితే వాళ్ళనీ మోసుకుంటూ ఇంకో అడుగు వేస్తాడు. దుబారా లేదు. కిందపడి లేచాక మిగతావాళ్ళలా బంతిని గడ్డి మీద విసిరికొట్టడు. చారల చొక్కా అంపైర్ చేతికి అందిస్తాడు. ఆ ఒక్క పని కోసమే నేను టీవీ ముందు కూర్చునేదాన్ని. కాలేజీ అయ్యాక జీతానికి ఆడే జట్టువాళ్ళు దూరపు ఊరికి తీసుకెళ్ళారు. అక్కడ మనుషులు ఇంకా పెద్ద గోడలు. అక్కడా బంతి జారలేదు.

జారింది మోకాలు. ఎవరూ తగలకుండానే, తిరగబోతే పాదం నేలలో నిలిచిపోయింది. పడ్డాడు. డాక్టర్లు చుట్టూ మూగారు. ముఖం నొప్పితో మెలికలు తిరుగుతున్నా బంతి చంకలోనే ఉంది. చారల చొక్కా ఆయన వంగి చెయ్యి చాపితే అప్పుడు ఇచ్చాడు. మోకాలికి రెండుసార్లు కత్తి పడింది. తర్వాత జట్టు అతన్ని వదులుకుంది. చివరికి చోటు పోయింది, చేతి తప్పు లేకుండా పోయింది.

మొన్నొక ఆదివారం వంటగదికి వచ్చాడు. నడక కొంచెం ఈడుస్తోంది. చంకలో బంతి, ఆ చివరి ఆటదట, జట్టువాళ్ళు ఇచ్చి పంపారు. నేను రెండు చేతులూ చాచాను. ఈసారి దొంగబుద్ధి లేదు, ఇంటికొచ్చిన మనిషని చాచాను.

“ఆట అయిపోయిందిగా నాయనా. బరువెందుకు, ఇటియ్యి.”

మనవరాలు ఇంగ్లీషులో చెప్పేలోపలే అతని మోచెయ్యి బిగిసింది.

“నో, అమ్మమ్మా.”

వాళ్ళ నాయనమ్మ పగలబడి నవ్వింది. నేను నీళ్ళు ముంచి, గ్లాసు రెండో చేతికి ఇచ్చాను.