ఊదారంగు పండు పొడి, మా చెల్లె బరువు

మాది తాండూరుల కందిపప్పు మిల్లు. పెద్దేముల్, బంట్వారం దిక్కుకెళ్లి కందులు వస్తయి. మా ఆయన ఊళ్లె లేనప్పుడు కొనుగోలు నేనే చూసుకుంట. పైన మెరిసే గింజను నేనెన్నడు నమ్మ. మోచేతి దాక బస్తాల చెయ్యి దింపి, అడుగుకెళ్లి గుప్పెడు తీసి, ఒకటి పంటికింద కొరికినంకనే ధర మాట్లాడుత. ఈ గుణంతోని ఇంట్ల నాకు చెడ్డ పేరే. దేవుడు ప్రసాదం పెట్టినా వాసన చూసే తింటనని మా అత్తమ్మ అంటుండె.

అట్లాంటి నాకు చెల్లె ఫోన్ చేసి, పండు పొడి తాగుతున్న, బరువు తగ్గుతున్న అని చెప్పింది. ఆమె వికారాబాద్ల టీచర్. నాలుగేండ్ల సంది షుగర్ ఉన్నది. లావున్నదని బళ్లె పిల్లలు చాటుంగ నవ్వుతరని లోపల ఒకటే బాధ. వాళ్ల గల్లీల ఒకామె పొద్దుగాల పదిమందిని ఇంట్ల కూసవెట్టి ఏదో పొడి నీళ్లల్ల కలిపి తాగిపిస్తదట. పరదేశం అడవిల కాసే ఊదారంగు పండు పొడట. ఆదివారం ఆదివారం అందరిని కాంటా ఎక్కిస్తది. తగ్గినోళ్లకు చప్పట్లు కొడతరు.

గంత అల్కగ కరిగేది కొవ్వా, వెన్నపూసనా? కాంటాలనే మోసం ఉంటదనుకున్న. దొంగ కాంటా ఎట్లుంటదో పప్పు మిల్లుదానికి ఒకరు చెప్పాల్నా? మా మిల్లుల నా చేతులతోని తూచిన ఐదు కిలోల పప్పు సంచి సంకల పెట్టుకొని ఆదివారం రైలెక్కిన.

పొడి తాగిపిచ్చే ఆమె మంచి మర్యాదగ గ్లాసు అందిచ్చింది. రేగు వడియాలు నానవెట్టిన నీళ్ల లెక్క పుల్లగ, తియ్యగ ఉన్నది. ఆమె లోపలికి పోంగనే సంచి కాంటా మీద పెట్టిన. ఐదు. తీసి మళ్ల పెట్టిన. ఐదే. గంతట్ల చెల్లె ఎక్కింది, మొదలుపెట్టిననాటికెళ్లి ఏడు కిలోలు తగ్గింది. అందరు చప్పట్లు కొడితె సిగ్గుతోని నేను గూడ కొట్టిన. వచ్చేటప్పుడు రైలుల నాకు గూడ ఒక డబ్బ తీసుకుందామా అనే ఆలోచన రాకపోలేదు. అబద్ధమెందుకు?

దసరా సెలవులకు చెల్లె తాండూరు వచ్చింది. జాకెట్టు వదులై భుజం మీదికెళ్లి జారుతున్నది. మా గల్లీ ఆడోళ్లు చుట్టు చేరి, మస్తు సన్నగైనవని ఒకటే మురిసిండ్రు. ఆమె చెంబెడు నీళ్లు తాగింది, బయటికి పోయొచ్చింది, మళ్ల చెంబెడు తాగింది. నాలుగు మెట్లెక్కి నడుమనే కూసున్నది. గోదాంల బస్తా బరువు తగ్గితె మేము చప్పట్లు కొట్టం, పురుగు వడ్డదేమోనని మూతి విప్పి చూస్తం. చెల్లె దగ్గర నేను కాంటా చూసిన గని బస్తా చూడలె.

“షుగర్ గోలీలు ఏసుకుంటున్నవా?” అని అడిగిన.

“బంద్ పెట్టి మూడు నెలలాయె అక్కా. పండే షుగర్ గూడ చూసుకుంటదన్నది గామె.”

“మరి నాకెందుకు చెప్పలె?”

“నువ్వు నవ్వుతవని.”

గా మాట నాకు సూటిగ తాకింది. వెంటనే దవాఖానకు తోల్కపోయిన. వేలు పొడిచి చూస్తే మిషన్ల అంకె గూడ రాలె, కొలతకు మించిందని చూపిచ్చింది. డాక్టరమ్మ అడ్మిట్ చేసుకున్నది. షుగర్ అదుపు తప్పితె ఒళ్లు తన కండను తనే కరిగిచ్చుకుంటదట, గా ఏడు కిలోలు అట్లనే పోయినయట. పండు పండే, తింటె తినుండ్రి గని, పొడి కొవ్వు కరిగిస్తదనెటందుకు గట్టి రుజువేది లేదన్నది. అక్కడ మిగిలినోళ్లు ఎట్ల తగ్గుతున్నరంటే, టిఫిన్ మానేసి గ్లాసుతోని సరిపెట్టుకుంటున్నరు గదా, ఎవలైనా తగ్గుతరన్నది.

రెండో రోజు దవాఖానకు పోదామని టిఫిన్ డబ్బ సదురుతుంటె ఎదురింటి వదిన ఫోన్ పట్టుకొని వచ్చింది. అందుల మా చెల్లెవి రెండు ఫోటోలు, అప్పటి లావుది, ఇప్పటి సన్నది. కింద చెల్లె గొంతు. నాకిప్పుడు గోలీల అవసరమే లేదని నవ్వుకుంట చెప్తున్నది. గా పొడామె వారం కిందనే ఊరూరికి పంపిందట. జర ఒక డబ్బ నాకు గూడ తెప్పియ్యరాదు అన్నది వదిన. ఆమె చెయ్యి వట్టుకొని నా ఎంబడి దవాఖానకు తోల్కపోయిన.

సెలైన్ ఎక్కుతున్న చెల్లెను చూసి వదిన మంచం పక్కన కూసున్నది. అప్పుడు చెల్లె తనే అడిగింది.

“నీకు గూడ షుగర్ ఉన్నది గదా వదినా, గోలీలు ఏసుకుంటున్నవా?”

“నీ మాట ఇన్నంక బంద్ పెట్టిన.”

చెల్లె సూది లేని చేత్తోని ఆమె కొంగు పట్టుకున్నది. డాక్టరమ్మ వచ్చి వదిన వేలు పొడిచేదాక ఇడ్శిపెట్టలె.