పన్నెండు బొట్లు

ఈ దసరా పొద్దున పటాన్‌చెరులోని మా మేనమామ షెడ్డులో ఉన్నవి: కడిగి నూనె పూసిన లేత్ మిషన్లు రెండు, మిల్లింగ్ మిషను ఒకటి, గోడకు వరసగా స్పానర్లు, పళ్లెంలో కొలతలు తీసే వెర్నియర్లు, గుమ్మడికాయ ఒకటి, తడి పసుపు, కుంకుమ. మనుషులు: మామ, అక్క, నేను. అక్క రైఫిల్ కూడా వచ్చింది గానీ పెట్టెలోంచి బయటికి రాలేదు. పసుపు గిన్నెతో నేను అటు ఒక అడుగు వేశానో లేదో, అక్క పెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టి, "దాని దిక్కు రాకు తమ్మీ," అంది. మామ నవ్వు దాచుకోవడానికి గుమ్మడికాయ వైపు తిరిగాడు.

అక్క జిన్నారం దగ్గర మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తుంది. ఆదివారాలు బోర్లా పడుకుని యాభై మీటర్ల దూరంలోని కాగితం మీద గురి చూస్తుంది. చాలా ఏళ్లు షూటింగ్ రేంజిలోని పాత రైఫిల్‌తోనే కొట్టింది. లైసెన్సు చేతికొచ్చాక సొంతానికి పాయింట్ టూ టూ రైఫిల్, అదీ సెకండ్‌హ్యాండ్‌ది, వెతికాం. నేను టూల్ డిజైన్ చదివి, ఫ్యాక్టరీలో కొలతలు తనిఖీ చేసే ఉద్యోగంలో ఉన్నవాణ్ణి. రెండు రైఫిళ్లకు పందొమ్మిది వరసల పట్టిక వేశాను: గొట్టం, ట్రిగ్గర్ బరువు, గురి చూసే సైటు, ఇలా. అక్క పట్టిక చూడలేదు. రెంటి మీదా చెంప ఆనించి, కళ్లు మూసుకుని, "ఇదే," అంది. పట్టికలో దానికి అర మార్కు తక్కువ. ఆ అర మార్కు నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

రైఫిల్ మంచిదే. పది గుళ్లు కొడితే అన్నీ పద్నాలుగు మిల్లీమీటర్ల లోపల పడేవి. నిరుడు రాష్ట్ర జట్టు ఎంపిక దసరా తర్వాత పది రోజులకు పడింది. మామ షెడ్డులో బొట్టు లేకుండా ఏ పనిముట్టూ ఉండకూడదు. మిషన్ల మూతలు విప్పి లోపలి భాగాలకూ పెడతారు. అందుకని నిరుడు రైఫిల్‌ని కూడా విప్పి, భాగాల జాబితా రాసి, ఒక్కొక్కదానికీ నేనే బొట్టు పెట్టాను. మర్నాడు తుడిచి, బిగించి, ఇనుప భాగాన్ని చెక్కకు పట్టి ఉంచే రెండు మరల మీద ఎర్ర రంగు గీత గీశాను. గీత కదిలిందంటే ఎవరో ముట్టుకున్నట్టు. ఎవరూ ముట్టుకోకూడదని నా ఆజ్ఞ.

ఎంపికలో అక్కకు రెండు పాయింట్ల తేడాతో చోటు తప్పిపోయింది. బస్సులో లింగంపల్లి దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత కిటికీ వైపే చూస్తూ, "నా ఊపిరే సక్కగ లేదు. ఇంకొక్క ఏడాది చూస్త. కాకపోతే అమ్మేస్త," అంది. అమ్మేస్తే మళ్లీ కొనదని నాకు తెలుసు.

ఆ ఏడాదంతా తప్పు రైఫిల్‌లో ఎక్కడుందో వెతికాను. వెర్నియర్ పెట్టి, గుళ్లు పడిన కాగితాలు కొలిచాను: ఇరవై రెండు మిల్లీమీటర్లు, ఇరవై నాలుగు, ఇరవై మూడు. తూటాలు నాలుగు రకాలు మార్చాను. కొత్త సైటు తెప్పించాను. ట్రిగ్గర్ మెకానిక్‌కు చూపించాను. భుజానికి ఆనే పట్టీ మార్చాను. మార్చిన ప్రతిసారీ తేదీ వేసి రాసుకున్నాను. అంకె దిగలేదు. అక్క మాత్రం తననే తిట్టుకుంటూ పొద్దున లేచి ఊపిరి కసరత్తులు చేసేది.

ఈ ఏడు ఎంపిక పండుగకు ముందే వచ్చింది. దానికి మూడు రోజుల ముందు మామ రైఫిల్‌ని బల్ల మీద పెట్టుకున్నాడు.

"అన్నీ మార్చినవ్ అల్లుడా. ఇప్పి సూడంది గీ రెండు మరలే."

"వద్దు మామా, గీత పోతది."

"గీత గీసినోనివి నువ్వే కదరా. జెర పక్కకు జరుగు."

ఇనుము చెక్క మీద కూర్చునే చోట వెనక మూల గోరంత పసుపు, ఎండి పెచ్చులు కట్టి ఉంది. గుండు పేలిన ప్రతిసారీ గొట్టం దాని మీద ఒక్కో తీరుగా కూర్చుంటోందన్నమాట. మామ వేలితో గీకి వాసన చూశాడు. తుడిచే గుడ్డ నా చేతిలో పెట్టాడు.

అక్కకు నేనే చెప్పాను. "అంటే ఏడాది నన్ను నేను తిట్టుకున్నది ఉత్తగనేనా?" అంది. ఆ సాయంత్రం రేంజిలో పది గుళ్లు కొట్టింది. పదమూడు మిల్లీమీటర్లు. ఆదివారం ఎంపికలో అరవై గుళ్లు కొట్టి జట్టులో చివరి పేరుగా ఎక్కింది. తిరుగు బస్సులో లింగంపల్లికి ముందే మాట్లాడింది: "పండుగకు బొట్టు నాకు పెట్టు, దానికొద్దు."

ఏడాదంటే ఎంతో నాకు ఇప్పుడు పసుపు పెచ్చు మందంలో తెలుస్తుంది. పాత జాబితా ఇంకా నా దగ్గరే ఉంది. పెట్టిన బొట్లు పన్నెండు. తుడిచినవి పదకొండు.