చుక్కల మామయ్య గిమ్లెట్ పాఠం

“ఇది గానీ పాప నోట్లో పడితే?”

జిన్ సీసా మూత ఇంకా తియ్యనేలేదు. అల్లుడు దాన్ని రెండు చేతులా పట్టుకుని, వంటింటి గట్టు మీద ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక నిలబడిపోయాడు. పాపకు పదకొండో నెల. కుర్చీ కాలు పట్టుకుని లేస్తోంది. ఇవాళ కుర్చీ, రేపు గట్టు అని అతని లెక్క.

“గట్టు నీ నడుమెత్తుంది. పిల్ల నీ మోకాలి దాకా రాదు. ముందు ఆ సీసా కింద పెట్టవయ్యా, దొంగసొత్తులా పట్టుకున్నావు!”

ఆ మాటన్నది అతని మామగారు. ముప్పై నాలుగేళ్ళు ఒక పెద్ద హోటల్ బార్‌లో పనిచేసిన మనిషి. గ్లాసులు కడగడంతో మొదలుపెట్టి, కాక్‌టెయిల్స్ కలిపేదాకా ఎదిగి, అక్కడే రిటైరయ్యాడు. అన్నేళ్ళు సీసాల మధ్య బతికినా ఆయన గ్లాసెత్తి తాగగా చూసినవాళ్ళు లేరు. కలిపిన ప్రతిదాంట్లోనూ స్ట్రా ముంచి, పై కొనను వేలితో మూసి, నాలిక మీద ఒక్క చుక్క వేసుకునేవాడు. అంతే. అందుకే చుట్టాలందరికీ ఆయన చుక్కల మామయ్య.

ఏడాదిగా ఆ చేతులు వణుకుతున్నాయి. కాఫీ కప్పయినా రెండు చేతులా పట్టుకోవలసిందే. రేపు పొద్దున పదింటికి, హోటల్ పనులు నేర్పే ఒక కాలేజీలో ఆయనకు పరీక్ష. బార్ మొహమే ఎరగని విద్యార్థుల చేత, తాను చెయ్యి వెయ్యకుండా, నోటిమాటతోనే గిమ్లెట్ చేయించాలి. అది కుదిరితే పాఠాలు చెప్పే ఉద్యోగం. కుదరకపోతే మళ్ళీ కిటికీ పక్కన కుర్చీ, గోళ్ళు గిల్లుకోవడం.

జిన్, నిమ్మరసం, పంచదార పాకం, ఐసు. గిమ్లెట్ అంటే ఇంతే. “ఉన్నవి నాలుగే గనక తప్పు దాక్కోవడానికి చోటుండదు” అంటాడాయన.

కాబట్టి ఆదివారం మధ్యాహ్నం అల్లుణ్ణే విద్యార్థిగా కూర్చోబెట్టాడు. బార్ మొహం ఎరగడు కదా అని ఎంచుకున్నాడు. అతను నీళ్ళ నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో కెమిస్టు అన్న సంగతి మరిచిపోయాడు.

“నిమ్మకాయ పిండు.”

“ఎంత?”

“చాలినంత.”

“చాలినంత అంటే ఎన్ని మిల్లీలీటర్లు మామయ్యగారూ?”

“ఇరవై అనుకో.”

“అనుకోవాలా? ఇరవయ్యేనా?”

మామయ్య కళ్ళు మూసుకున్నాడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని ఊరికే అన్నారా! జిన్ అరవై, పాకం ఇరవై అని అంకెలన్నీ ఒప్పుకుంటే గానీ అల్లుడి చెయ్యి కదలలేదు. కదిలాక మామయ్య పాత స్టీలు షేకర్‌లో ఐసుతో సహా అన్నీ పడ్డాయి.

“ఇప్పుడు కుదుపు.”

“ఎన్ని సెకన్లు?”

“షేకర్ నీ చెయ్యి కరిచేదాకా.”

“కరవడం అంటే సుమారు ఎన్ని డిగ్రీలు?”

“ఓరి దేవుడా!” అన్నాడు మామయ్య, పైకే.

నీళ్ళు పరీక్షించేవాడు మామగారికి మూడు చెరువుల నీళ్ళు తాగించాక, తొలి గిమ్లెట్ గ్లాసులోకి దిగింది. మామయ్య స్ట్రా అందుకున్నాడు. రెండు చుక్కలు చొక్కా మీద పడ్డాయి. మూడోది నాలికను చేరింది. ఆయన మొహం ముడుచుకుపోయింది.

“ఇందులో స్ట్రాబెర్రీ ఎక్కణ్ణించి వచ్చిందయ్యా?”

స్ట్రాబెర్రీ ఎవరూ వెయ్యలేదు. ఇద్దరూ గ్లాసు వంకే చూస్తుండగా పక్క గదిలోంచి అమ్మాయి కేకేసింది. “ఏమండీ, పాప జ్వరం మందు మూత కనబడట్లేదు, చూశారా?”

ఇంట్లో గీతలున్న కొలత అదొక్కటే. పదిహేను మిల్లీలీటర్ల మూత. అల్లుడు జిన్ నాలుగుసార్లు దాంతోనే కొలిచాడు. పోయినవారం పోసిన మందు స్ట్రాబెర్రీ వాసన ప్లాస్టిక్‌కు పట్టేసి ఉంది.

గ్లాసులో మందు పడినందుకు మామయ్య తల పట్టుకుంటే, మందు మూతలో జిన్ పడినందుకు అల్లుడు సింకు దగ్గరికి పరిగెత్తాడు. మూతను సబ్బుతో తోమాడు, మరగబెట్టాడు, వాసన చూశాడు, చివరికి చెత్తబుట్టలో పడేశాడు. అప్పటికి ఐసు సగం నీళ్ళయింది.

“మీ మామా అల్లుళ్ళ పాఠం అయ్యేసరికి నా కూతురికి పెళ్ళీడొస్తుంది” అని అమ్మాయి గుమ్మంలోంచి ఒక మాట విసిరి వెళ్ళింది.

రెండోసారి అల్లుడు వంటింటి త్రాసు మీద చిన్న గ్లాసు పెట్టి, ఇరవై గ్రాముల నీళ్ళు పోసి, గ్లాసు మీద పెన్నుతో గీత గీశాడు. జిన్ మూడుసార్లు, రసం ఒకసారి, పాకం ఒకసారి. ఈసారి కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు. మామయ్య చుక్క వేసుకుని గ్లాసు పక్కకు నెట్టేశాడు.

“పుల్లటి విషం.”

“అదే ఇరవై మామయ్యగారూ! గీత చూడండి!”

“ఇరవై అదేనయ్యా, కాయ వేరు! ముప్పై నాలుగేళ్ళు చేసింది నీకు మూడు ముక్కల్లో చెప్పలేకపోతున్నా. రేపు ఆ పిల్లలకేం చెప్తాను నా మొహం! నేను వెళ్ళను. ఫోన్ చేసి రానని చెప్పేయ్.”

కోపం అల్లుడి మీద కాదని ఇద్దరికీ తెలుసు. విద్యంతా చేతుల్లో ఉండిపోయింది. ఆ చేతులేమో మాట వినడం లేదు.

అంతలో పాప ఏడుపందుకుంది. అల్లుడు ఒక్క అంగలో డ్రాయర్ దగ్గరికి వెళ్ళి థర్మామీటర్ తీశాడు. పక్కనే చిన్న నోటుబుక్కు. పొద్దుట్నించీ జ్వరం చూడడం ఇది ఆరోసారి.

“ఇందాక ఐదుసార్లూ ఏమొచ్చింది?” అన్నాడు మామయ్య.

“ముప్పై ఏడు. ఒకసారి ముప్పై ఏడు పాయింట్ రెండు. సెల్సియస్‌లో.”

“పిల్ల ఎలా ఉంది?”

“చెప్పాను కదా, ముప్పై ఏడు...”

“అంకె కాదయ్యా. పిల్ల ఎలా ఉంది?”

అల్లుడు థర్మామీటర్ కింద పెట్టి పాపనెత్తుకున్నాడు. మెడ మీద చెయ్యి వేశాడు. వేడి లేదు. పిడికిలంతా నోట్లో కుక్కుకుని నములుతోంది. చిగురు ఎర్రగా ఉబ్బింది. పన్ను! ఫ్రిజ్‌లోంచి చల్లని చెంచా తీసి కడిగి నోటికందిస్తే, కసిగా కరిచి పట్టుకుని, ఏడుపాపేసి, తాతను చూసింది.

మామయ్య ఆ చెంచా వంకా అల్లుడి వంకా చూశాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“పాపని అమ్మాయికిచ్చి రా. చేతులు కడుక్కో. కొత్త కాయ కొయ్యి. ఈసారి నేను చెప్పను, అడుగుతాను. రసం ఒక్క చుక్క నాలిక మీద వేసుకో. ఎక్కడ తగిలింది?”

“దవడల వెనక. జివ్వుమంది.”

“అయితే కాయ పొగరుమోతుది. రసం నీ గీతకు కాస్త కిందే ఆపు. జిన్ మూడుసార్లు, పాకం ఒకసారి గీత దాకా పొయ్యి. ఇక కుదుపు. చెయ్యి ఏమంటోందో చెప్తుండు.”

“చల్లగా ఉంది... బాగా చల్లగా... అబ్బా!”

“అదీ కరవడం! ఆపు.”

టీ జల్లెడలోంచి గ్లాసులోకి వడకట్టాడు. లేత పచ్చటి మబ్బులా దిగింది. ఈసారి స్ట్రా అల్లుడే తీసుకుని, ముంచి, పై కొన వేలితో మూశాడు. పిపెట్టు, చుక్కలు కొలిచే గాజుగొట్టం! ఇన్నేళ్ళుగా ల్యాబ్‌లో తాను చేస్తున్నదే. మామయ్య నాలిక మీద, వణక్కుండా, ఒక్క చుక్క వదిలాడు.

మామయ్య కళ్ళు మూసుకున్నాడు.

“ఊఁ. ఇదీ.”

మర్నాడు ఆయన పరీక్ష నించి విసుక్కుంటూనే ఇంటికొచ్చాడు. నలుగురు విద్యార్థులు కలిపితే మూడు పంచదార నీళ్ళట, కుదిరింది ఒక్కటేనట. “ఒకమ్మాయి ఎన్ని సెకన్లు కుదపాలి సార్ అంది. ప్రతి క్లాసులోనూ ఒక అల్లుడుంటాడు, ఖర్మ!” అని చెప్పులు విప్పుతూ, “వచ్చే సోమవారం నించి రమ్మన్నారు” అన్నాడు, అదేదో చిన్న సంగతైనట్టు.

ఇప్పుడు పాప ఏడిస్తే అల్లుడి చెయ్యి డ్రాయర్ దాకా వెళ్ళి ఆగుతుంది. ముందు పిల్లనెత్తుకుంటాడు, మెడ తడుముతాడు, చిగుళ్ళు చూస్తాడు. థర్మామీటర్ తరవాత. ఆ ఆదివారం సాయంత్రం గ్లాసులు కడుగుతుంటే మామయ్య చెప్పిన మాట అది:

“కొలుచుకో, వద్దనను. కానీ ముందు నాలిక మీద చుక్క పడాలి. కాయ సంగతి కాయనే అడుగు, గీతనడిగితే ఏం చెప్తుంది!”