నుదుటి మీద టికెట్టు

నిర్మల్‌లో ఎక్కిన ఆ మనిషి నా పక్కన కూర్చుని, తాళం వేసిన రేకు డబ్బా ఒకటి నా కాళ్ళ దగ్గరికి తోశాడు. ఏముంది అందులో అంటే "దయ్యాలు, సార్" అన్నాడు. నవ్వలేదు. నక్సలైట్లు తిరిగే ఆ రోజుల్లో అడవి దారి బస్సుల్లో ఎవరి సామాను చూసినా అనుమానమే. నా చూపు ఆ తాళం మీంచి కదల్లేదు.

ఖానాపూర్ ఇంకా రాకముందే పోలీసులు బస్సు ఆపారు. "గీ డబ్బా ఎవలది?" అని కానిస్టేబుల్ అడగడమే ఆలస్యం, నా వేలు అతనివైపు లేచింది.

అతను తాళం తీశాడు. లోపల సినిమా రీళ్ళు. ఖానాపూర్ టాకీసుకు తీసుకుపోతున్నాడట.

"ఏం సినిమా?" అన్నాడు కానిస్టేబుల్.

అతను లేచి, బస్సు టికెట్టును ఉమ్మితో నుదుటికి అంటించుకున్నాడు. చేతులు ముందుకు చాచి రెండు గెంతులు గెంతి, కొయ్యలా నిలబడిపోయాడు.

"చీనా పీనుగు సార్. గిట్ల దుంకుకుంట వస్తది. కుంగ్‌ఫూ గురువు నొసటికి మంత్రం కాయితం అంటిస్తె ఆగుతది."

కానిస్టేబుల్ నవ్వుకుంటూ దిగిపోయాడు.

బస్సు కదిలాక, ఇలాంటివి జనం చూస్తారా అని అడిగాను.

"భయపడుకుంటనే నవ్వుతరు సార్. పీనుగుకు కండ్లు కనవడయి. మన ఊపిరి జాడ వట్టి వస్తది. అది దగ్గరికొస్తె టాకీసంత ఊపిరి బిగవట్టి కూసుంటది." టికెట్టు ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. "ఒక్కడు సుత పక్కోన్ని ఏలువెట్టి చూపియ్యడు."

తర్వాత అలాంటి సినిమాలు చాలా చూశాను. శవం గెంతే చోట అందరూ నవ్వుతారు. నేను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటాను.