సొలాంజ్ రెండో రికార్డుకు కోరస్

మారిషస్‌కు స్వాతంత్ర్యం రావడానికి ముందు సంవత్సరం, చెరకు కోతలు ముగిసిన రోజుల్లో, సొలాంజ్ రెండో ఎల్పీ రికార్డింగు పని నాకు అప్పగించారు. అప్పుడు నేను కాత్ర్ బోర్న్‌లోని ఒక ప్రైవేటు స్టూడియోలో సౌండ్ రికార్డిస్టును. గొంతులనూ వాయిద్యాలనూ టేపు మీదికి ఎక్కించడం, ఒకదాన్నొకటి మింగేయకుండా చూడడం నా ఉద్యోగం. స్టూడియో అంటే బట్టల దుకాణం వెనక గది. గోడలకు గోనెపట్టాలు, బల్ల మీద రెండు ట్రాకుల టేపు యంత్రం. ఒక ట్రాకు వాయిద్యాలకు, రెండోది గొంతులకు. అందువల్ల గాయనీ కోరస్ వాళ్ళూ ఒకేసారి పాడాలి. ఎవరు తడబడినా అందరూ మొదటినుంచి పాడవలసిందే.

సొలాంజ్ ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని పాప్ రాక్ పాడే అమ్మాయి. మొదటి రికార్డు నిండా ఇతరులు పాడి పేరు తెచ్చుకున్న ఫ్రెంచి, ఇంగ్లీషు పాటలే. అది బాగా అమ్ముడుపోయింది. రెండోదానికి పాటలన్నీ తనే, మా దీవిలో అందరూ ఇళ్ళలో మాట్లాడుకునే క్రియోల్‌లో రాసుకుంది. స్టూడియో యజమాని మొస్యే గాస్తోన్‌కు అది నచ్చలేదు. వంటింటి భాషను రికార్డు మీద ఎవరు కొంటారని ఆయన వాదన. సణుగుతూనే ఒప్పుకున్నాడు.

అన్నీ అయ్యాక చివరి పాట దగ్గర చిక్కొచ్చింది. సాయంత్రం బస్సులో రావలసిన ప్రియుడి కోసం ఎదురుచూసే అమ్మాయి పాట అది. కోరస్సే దానికి ప్రాణం. ఆ కోరస్ పాడవలసిన అక్కచెల్లెళ్ళు కుటుంబంతో సహా ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. స్వాతంత్ర్యం వస్తే ఏమవుతుందోనని అప్పట్లో చాలామంది అలాగే వెళ్ళారు. మా టేపు రికార్డుగా అచ్చవడానికి ఫ్రాన్సు వెళ్ళే ఓడ కూడా ఆ వారంలోనే. ఆ పాట తీసేసి పాత ఫ్రెంచి పాట ఒకటి పెట్టమన్నాడు గాస్తోన్.

సొలాంజ్ గిటార్ కింద పెట్టేసింది. "అలాగైతే అట్ట మీద నా పేరు కూడా తీసేయండి" అంది.

మా ఊళ్ళో పాడేవాళ్ళున్నారని నా నోటినుంచి వచ్చేసింది. మా మేనత్త అప్పలమ్మ సెయింట్ పియర్‌లో రామభజన బృందానికి పెద్ద. ఆ సాయంత్రమే వెళ్ళి అడిగాను.

"ఏ దేవుడి పాట్రా?"

"దేవుడిది కాదత్తా. బస్సు కోసం ఎదురుచూసే పాట."

"బస్సు కోసం నేనూ రోజూ ఎదురుచూస్తాను. వస్తాలే."

మర్నాడు మరో నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని దిగింది. అయితే పల్లవి వినగానే ముఖం ముడుచుకుంది. అందులో ప్రియుణ్ణి ముద్దు పెట్టుకోమని ఉంది. నలుగురిలో ఆ మాట తను అననని చెప్పింది.

"మరి ఏమనమంటావు తాంతిన్?" అని సొలాంజ్ అడిగింది. తాంతిన్ అంటే మా క్రియోల్‌లో అత్త, పిన్ని, అందరూను.

"పొద్దంతా పనిచేసి బస్సు దిగాడు కదా. 'తో ఫిన్ మాంజే?' అని అడగండి."

అంటే, అన్నం తిన్నావా అని. గాస్తోన్ నెత్తి పట్టుకున్నాడు. పాప్ రాక్‌లో అన్నం సంగతి ఎవరైనా అడుగుతారా అన్నాడు. సొలాంజ్ అప్పటికే గిటార్ అందుకుని ఆ మాటను వరసలో పెట్టి చూస్తోంది. అతికినట్టు సరిపోయింది.

ఇక కష్టం నాది. పద్ధతి ప్రకారం వాళ్ళను మైకు ముందు వరసగా నిలబెట్టాను. బడిలో పాఠం అప్పజెప్పినట్టు బిగుసుకుపోయి పాడారు. గొంతు పెంచమంటే, శబ్దాన్ని కొలిచే ముల్లు ఎర్రగీత దాటి కొట్టుకుంది. రెండు మూడు టేకులు అలాగే పాడయ్యాయి. గాస్తోన్ తలుపు వైపు చూడడం మొదలుపెట్టాడు.

అప్పుడు మా ఇంట్లో భజన ఎలా జరుగుతుందో గుర్తొచ్చింది. దుకాణంనుంచి చాప తెప్పించి, ఒకరికొకరు ఎదురుగా, గుండ్రంగా కూర్చోమన్నాను. సొలాంజ్ కూడా చెప్పులు విప్పి వాళ్ళ మధ్యకు చేరింది. మైకును స్టాండునుంచి విప్పి దూలానికి వేలాడదీశాను. ముందే ఎక్కించిన డ్రమ్సు, గిటార్లను చిన్న స్పీకరులో మెల్లగా వినిపించాను. అత్త కళ్ళతో సైగ చేసింది. కోరస్ దగ్గర ఆ ఐదుగురి గొంతులూ ఒక్క గొంతులా లేచాయి. పైగా, ఎవరూ చెప్పకుండానే, వాళ్ళు తాళం వేస్తూ చప్పట్లు కలిపారు. ముల్లు ఎర్రగీత అంచున ఊగింది కాని దాటలేదు. పాట ముగిశాక, యంత్రం ఆపే ముందు, "బాగానే ఉందా నాయనా?" అన్న అత్త మాట కూడా టేపు మీద పడింది. సొలాంజ్ దాన్ని కొయ్యనివ్వలేదు.

రికార్డులు ఓడ దిగేసరికి కొత్త జెండా ఎగిరింది. మిగతా పాటలు ఓ మోస్తరుగా ఆడాయి. ఈ పాట మాత్రం రివియేర్ దు రాంపార్ బస్సులదాకా పాకింది. కండక్టరు "తో ఫిన్ మాంజే?" అని పాడితే బస్సంతా "వి, ఫిన్ మాంజే!", ఆఁ తిన్నాం అని జవాబిచ్చేది. గాస్తోన్ మూడో రికార్డుకు కూడా క్రియోల్ పాటలే రాయమని సొలాంజ్‌కు తనే కబురు పంపాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎన్నో బృందాలను రికార్డు చేశాను. కలిసి పాడే అలవాటున్నవాళ్ళు ఎవరు వచ్చినా, ముందు ఇంట్లో ఎలా కూర్చుని పాడతారో అడిగేవాణ్ణి. వాళ్ళను అలాగే కూర్చోబెట్టి, మైకు పెట్టే చోటు ఆ తర్వాతే వెతికేవాణ్ణి.